వాడు మూడోసారి అడగలేదు

పదకొండున్నర దాటింది. వదినావాళ్ళు హాల్లో పడుకున్నారు, పిల్లలు నలుగురూ ఏసీ గదిలో ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని నిద్రపోతున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. చిన్నోడు మధ్యాహ్నం రెండుసార్లు నీళ్ళు అడిగాడు. "ఒక్క అయిదు నిమిషాలు నాన్నా, బోటు దిగగానే కొంటా" అన్నాను. మూడోసారి అడగలేదు. పోన్లే, దాహం తీరినట్టుంది అనుకున్నాను. నేను ఇవ్వకుండా ఎలా తీరుతుంది?

ఏడింటికల్లా పున్నమి ఘాట్ దగ్గరుండాలి, ఎండ ఎక్కేలోపు భవానీ ద్వీపం చూసి వచ్చెయ్యాలి అని వారం నుంచీ చెబుతూనే ఉన్నాను. ఇల్లు కదిలేసరికి పదిన్నర. అత్తయ్య పులిహోర కలిపితే గానీ రానన్నారు, వదిన తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంది, ఈయన పేపరు వదల్లేదు, తీరా చూస్తే తొమ్మిది మందికి కారు చాలదని ఆటో కోసం ఇంకో ఇరవై నిమిషాలు. నేను గొణుగుతుంటే ఈయన అన్న మాట, "ఇంకా మార్చే కదా, అప్పుడే ఏం ఎండలు?"

ఆ మాటకే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. రోహిణీ కార్తెలో అయితే మనమే భయపడి తలుపులేసుకుని కూర్చుంటాం, మోసం చేసేది మార్చి ఎండే. ఒంటికి వేడి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, చలికాలం నుంచి ఇప్పుడేగా బయటపడ్డాం! పైగా పిల్లలకి మనకి పట్టినంత చెమట పట్టదు, ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. మన కృష్ణ ఒడ్డున ఉక్కపోతకి ఆ పట్టిన చెమటా ఆరి చావదు, ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. ఇవన్నీ తెలిసిన దాన్నే. అయినా పులిహోరకి పెద్ద క్యారియర్ వెతికాం, తొమ్మిది మందికి నీళ్ళు రెండే సీసాలు పెట్టాం. చిన్నోడి సీసా స్కూలు బ్యాగులోనే ఉండిపోయింది, ఇవాళ ఆదివారం కదా, దాని మీదకి ఎవరి చూపూ పోలేదు.

బోటెక్కే ముందు పిల్లలకి లైఫ్ జాకెట్లు వేశారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగిన సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. కానీ మిట్టమధ్యాహ్నం ఆ మందపాటి జాకెట్ లోపల వాడు ఎంత ఉడికిపోయి ఉంటాడో! దిగాక విప్పితే చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మిగతా ముగ్గురూ ఉయ్యాలల దగ్గరికి పరిగెత్తారు, వీడు చెట్టు కింద నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. "మా వాడు అల్లరి పెట్టడు వదినా" అని కూడా అన్నాను. అప్పుడు చూశాను, పెదవులు తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. ఒంటికి ఎప్పుడు పోశావురా అంటే, పొద్దున ఇంట్లో అన్నాడు. నీళ్ళూ ఓఆర్ఎస్సూ కొని కొంచెం కొంచెంగా పట్టించి, కండువా తడిపి మెడ తుడిస్తే గంటకి తేరుకున్నాడు. తిరుగు బోటులో నీటికాకి మునిగి ఎక్కడ తేలుతుందో అక్కతో పందెం కూడా కాశాడు.

మా నాన్న అయితే ఇలా జరగనిచ్చేవారు కాదు. వేసవి సెలవుల్లో అయిదింటికే నన్నూ తమ్ముణ్ణీ స్కూటరెక్కించుకుని గవర్నరుపేట నుంచి ఉండవల్లి తీసుకెళ్ళేవారు. బ్యారేజీ మీద గేట్లు లెక్కపెట్టేవాళ్ళం, 70 ఉంటాయని నాన్న చెప్పేవారు, మా లెక్క ఒక్కసారీ కుదరలేదు. గుహల్లో పై అంతస్తులో పడుకుని ఉండే అనంతపద్మనాభస్వామి దగ్గర రాతికి చెంప ఆనించి కూర్చునేదాన్ని, రాత్రి చల్లదనం ఇంకా ఆ రాతిలోనే ఉండేది. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాటిముంజలు. ఎనిమిదింటికల్లా ఇంట్లో. అప్పట్లో ఇంత ఎండలు లేవులే అంటారు అత్తయ్య. ఎందుకు లేవు? 2003లో నేను ఇంటర్లో ఉన్నాను, ఆ వేసవి వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు.

అందుకే ఇందాక పక్క మీద వాలి గట్టిగా అనుకున్నాను, ఇకమీదట మేమిద్దరం, పిల్లలు, తెల్లవారుజామున అయిదింటికి, అంతే. ఇంకెవరూ వద్దు.

అనుకున్నానే గానీ, ఆ స్కూటరు మీద అమ్మ ఎక్కడుంది? స్కూటరుకి నిండుగా మేం ముగ్గురమే. నాలుగింటికే లేచి మరచెంబులో నీళ్ళు పోసి, తువ్వాలు తడిపి పిండి చేతికిచ్చి, గేటు దగ్గర నిలబడేది. అమ్మ ఆ గుహలు ఎప్పుడు చూసిందో, అసలు చూసిందో లేదో నాకు తెలియదు. మేమూ ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ అత్తయ్య బోటు అంచు మీంచి చెయ్యి నీళ్ళలో పెట్టి, కృష్ణ ఇంత చల్లగా ఉందేమిటే అని నవ్వారు. సంక్రాంతి తరవాత ఆవిడ గడప దాటడం ఇదే. అయిదింటి ప్రయాణమైతే మోకాళ్ళ నొప్పులతో ఆవిడ రాలేరు. నిజంగా, పులిహోర మీద పడి ఇంత గింజుకోవాల్సింది కాదేమో. ఆలస్యమైతే అవుతుంది, ఆలస్యమయ్యాక సాయంత్రానికి మార్చుకుందాం అని ఒక్కరమైనా అనాల్సింది. నేనే అనాల్సింది.

వచ్చే ఆదివారం అయిదు దాటాక బ్యారేజీ వైపు వెళ్దామని ఈయనకి చెప్పాను, అమ్మని కూడా రమ్మన్నాను. ఇందాక లేచి స్కూలు బ్యాగులోంచి చిన్నోడి సీసా తీసి కడిగాను. దాని పట్టీ తెగితే పాత చున్నీ అంచు చింపి కట్టాను. మెడలో వేసేస్తాను, వాడు నన్ను అడగాల్సిన పని ఉండదు.