సలేశ్వరం దారిలో వెంట వచ్చే ఆరుగురు

చైత్ర పౌర్ణమి వస్తోందంటే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మూటలు సర్దుకోవడం మొదలవుతుంది. ఫ్యాను గాలి, మెత్తటి పడక, ఫ్రిజ్ నీళ్లు వదిలి నల్లమల లోయలో సలేశ్వరం శివుడు లింగమయ్య దగ్గరికి పోవాలన్న తపన చిన్నది కాదు. రాజభోగాన్ని కాదని అక్కమహాదేవి మల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ చేరిందీ ఈ నల్లమలకే. అయితే జాతర ముగిశాక ఆ కాలిబాట చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇల్లు వదిలి వెళ్లినవాళ్లం ఇంటి చెత్తనంతా అక్కడ పోసి వస్తున్నాం.

భాగవతం పంచమ స్కంధంలో, రాజ్యం వద్దన్న ప్రియవ్రతుడికి బ్రహ్మ చెప్పిన మాట ఇది:

భయం ప్రమత్తస్య వనేష్వపి స్యాద్
యతః స ఆస్తే సహషట్సపత్నః

ఏమరుపాటున ఉన్నవాడికి అడవిలోనూ భయం తప్పదు, ఆరుగురు శత్రువులు వాడి వెంటే కాపురం ఉంటారు. అయిదు ఇంద్రియాలు, వాటి మీద మనసు. జితేంద్రియుడికి ఇల్లు ఏ హానీ చేయదన్న రెండో సగాన్ని సంసారులు ఇష్టంగా చెప్పుకుంటారు. సలేశ్వరం పోయేవాళ్లు పట్టుకోవాల్సింది మొదటి సగం. అదే స్కంధంలో భరతుడనే రాజు రాజ్యాన్నే వదిలి గండకీ తీరానికి పోయాడు. నీళ్లలో పడ్డ జింకపిల్లను కాపాడాడు, అది తప్పు కాదు. తర్వాత జపం మధ్యలో కూడా దాని మేత గురించే ఆలోచన. చివరికి జింకై పుట్టాడు. అంతటివాడికే ఒక్క జింకపిల్ల చాలింది.

ఇప్పుడు మన ఆరుగురిని చూద్దాం. కంటికి ఫోన్, చెవికి స్పీకర్ బాక్స్. "వత్తున్నం లింగమయ్యో" అని వందల గొంతులు లోయలోకి దిగుతుంటే దాని మీద సినిమా పాట ఎందుకు? పులులు తిరిగే అడవి అది, అక్కడి జీవాలకు మన మోత ఒక హింస.

అన్నిటికన్నా మొండిది నాలుక. చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింక్ సీసాలు, పాన్‌మసాలా పొట్లాలు దాని వల్లే లోయకు చేరుతున్నాయి. ముందురోజు నాలుగు జొన్న రొట్టెలు, పల్లీల పొడి, గుప్పెడు బెల్లం గుడ్డలో కట్టుకుంటే మనిషికి రోజంతా సరిపోతుంది. పులిహోర కూడా నిలుస్తుంది, చింతపండు పులుపు దాన్ని కాపాడుతుంది. పెరుగన్నం మాత్రం వద్దు, ఆ ఎండకు మధ్యాహ్నానికే పులిసి కడుపు చెడగొడుతుంది. కోతులకు బిస్కెట్లు వేయడం దయ అనుకుంటారు. శ్రీశైలం రోడ్డు మీద అవి బండ్ల కింద పడేది ఆ బిస్కెట్లకు అలవాటుపడే. భరతుడి మమకారం భరతుణ్ణే కట్టేసింది, మన మమకారం వాటి ప్రాణం తీస్తోంది.

నీళ్ల లెక్క జాగ్రత్త. మనిషికి కనీసం మూడు లీటర్లు, సొంత డబ్బాలో. దిగేటప్పుడు దూప అంతగా తెలియదు, ఉన్నవన్నీ ఆడుతూ పాడుతూ తాగేస్తారు. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంది: ఎక్కుడు, నడినెత్తిన ఎండ, కాలే బండలు. అక్కడే కళ్లు తిరిగి పడిపోతారు. సగం నీళ్లు ఎక్కేటప్పటికి దాచుకోండి. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి ఒక సీసా విడిగా పెట్టుకోండి. తెల్లవారగానే నడక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పైకి రండి. ఇరుకు దారిలో ఎదురొచ్చేవాళ్లు ఉంటే కొండవైపు ఆనుకుని నిలబడండి, లోయవైపు జరగొద్దు. చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకున్నవాళ్లు ఉంటే ఉండనీ, పిల్లల చేత మాత్రం ఆ మొక్కు తీర్పించకండి.

లింగమయ్య దగ్గరి జలపాతం కింద నిలబడగానే సబ్బు, షాంపూ బయటికి తీసేవాళ్లను చూస్తే ఏమనాలో తోచదు. వేసవిలో నల్లమల వాగులు ఎండిపోతే ఈ ఊట నీరే జీవాలకు దిక్కు. తల తడుపుకోండి, లింగమయ్యకు దండం పెట్టుకోండి, వెనకవాళ్లకు చోటివ్వండి. చైత్రంలో అడవి కింద ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటుంది. దారిలో కర్పూరం వెలిగించొద్దు, బీడీ అసలే వద్దు. ఒక్క నిప్పురవ్వ గుట్టంతా పాకుతుంది.

మరొకటి. మనం అడవి అంటున్నది చెంచుల ఇల్లు. లింగమయ్యకు అక్కడ పూజ చేసేది వాళ్లే. మనం ఒక్కరోజు వదిలిపెట్టి వచ్చామని గొప్పగా చెప్పుకునే సుఖాలు ఆ పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, ఏనాడూ లేవు. వాళ్ల ముంగిట్లోకి అతిథిగా వెళ్తున్నాం. అన్నా, అక్కా అని పిలవండి, పూజారి చెప్పినంతసేపే నిలబడండి, ఫొటో తీసేముందు అడగండి. "పోతున్నం లింగమయ్యో" అంటూ వెనుదిరిగేటప్పుడు మీ ఖాళీ సీసాలు, టెంకాయ పీచు మీ సంచిలోనే పైకి రావాలి. అందుకని ఒక ఖాళీ గోనెసంచి ఇంటి నుంచే తెచ్చుకోండి.

గుండెజబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లను పట్టుదలకు పోయి లోయలోకి దింపకండి. అచ్చంపేట దగ్గర రంగాపూర్ ఉమామహేశ్వరానికి కొండపైదాకా రోడ్డుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అది. అమ్మను, నాయనను అక్కడికి తీసుకెళ్లండి.