60 త్రీలు, 45 మిస్సులు

మా స్కూల్లో పీఈటీ సార్‌కి బాస్కెట్‌బాల్‌లో దూరం నుంచి షాట్ వేసేవాణ్ని చూస్తే ఒళ్లు మండేది. "లోపలికెళ్లి వెయ్యరా, అక్కణ్ణుంచి ఏంటి నీ వేషాలు" అని విజిల్ ఊదేవారు. ఇప్పటి ఎన్‌బీఏలో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో, అందరూ దూరం నుంచే వేయడం చూస్తుంటే ఆయనకి ఫోన్ చేసి పోట్లాడాలనిపిస్తుంది. కానీ 2025 మేలో ఒక తెల్లవారుజామున మాత్రం, సార్ చెప్పిందే కరెక్టేమో అన్న అనుమానం వచ్చింది.

బోస్టన్ సెల్టిక్స్, న్యూయార్క్ నిక్స్, ప్లేఆఫ్స్ (టైటిల్ తేల్చే చివరి దశ) రెండో రౌండ్‌లో మొదటి మ్యాచ్. సెల్టిక్స్ 20 పాయింట్లు ముందున్నారు, ఇంకేముందిలే అని నేను కాఫీ పెట్టుకోడానికి లేచాను. రింగుకి దూరంగా గీసిన గీత బయటి నుంచి వేసిన షాట్ పడితే రెండుకి బదులు మూడు పాయింట్లు, అదే త్రీ. ఆ తర్వాత చూస్తే త్రీ, మిస్, మళ్లీ త్రీ, మళ్లీ మిస్. మొత్తం 60 వేసి 45 పోగొట్టారు, ఒక ప్లేఆఫ్స్ మ్యాచ్‌లో ఎవరూ అన్ని మిస్ చేయలేదు. ఓవర్‌టైమ్‌లో 108-105తో ఓడిపోయారు. రెండు రోజుల తర్వాత ఇంకోసారి 20 ముందుండి, 40 త్రీలు వేస్తే 10 మాత్రమే పడి, ఒక్క పాయింటు తేడాతో మళ్లీ ఓడారు. కాఫీ అచ్చిరాలేదని రెండోసారి పెట్టుకోనేలేదు, అయినా అంతే.

కానీ కాగితం మీద లెక్క వేస్తే వాళ్లని తిట్టడానికి నోరు రాదు. లీగ్ మొత్తం మీద త్రీలు సుమారు 36 శాతం పడతాయి, అంటే వంద వేస్తే 108 పాయింట్లు. గీతకి ఓ అడుగు లోపల్నుంచి వేసే రెండు పాయింట్ల షాట్ 42 శాతం పడిందనుకున్నా వందకి 84 పాయింట్లే. ఇంత చిన్న గుణకారం! అయినా గీత వచ్చిన 1979-80 సీజన్‌లో ఒక్కో టీమ్ మ్యాచ్‌కి సగటున మూడు త్రీలు కూడా వేయలేదు, 2024-25లో ఆ సగటు 37 దాటింది, సెల్టిక్స్ అయితే 48.

నాకు ఆ సంఖ్యల కన్నా ఎవరు వేస్తున్నారన్నదే అసలు మార్పులా కనిపిస్తుంది. బ్రూక్ లోపెజ్‌ని చూడండి, ఏడడుగుల సెంటర్, అంటే మామూలుగా రింగు దగ్గర ఆడే పొడుగువాడు. మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి 31 త్రీలు వేస్తే 3 పడ్డాయి, తొమ్మిదో సీజన్ ఒక్కదాన్లోనే 134 పడ్డాయి. అంత పొడుగువాడు గీత బయట నిలబడితే అతన్ని కాసే ఇంకో పొడుగువాడు కూడా రింగు వదిలి బయటికి రావాల్సిందే, అప్పుడు బంతి నడిపే చిన్న గార్డుకి లేఅప్ (రింగు దగ్గరికి ఉరికి వేసే షాట్) కోసం దారంతా ఖాళీ. లోపెజ్ ఆ ఆటలో ఒక్క షాట్ వేయకపోయినా పని జరిగిపోయింది. "త్రీలతో ఆట చెడిపోయింది" అనేవాళ్లు ఈ ఖాళీని లెక్కలోకి తీసుకోరు.

డిఫెన్స్ వాళ్లు కూడా ఊరుకోలేదనుకోండి. రింగునీ గీతనీ కాపాడుకుని మధ్యలో జాగా వదిలేస్తున్నారు, వేసుకోండి పోనీ అని. ఓక్లహోమా సిటీ ఆటగాడు షై గిల్జియస్-అలెగ్జాండర్ సరిగ్గా ఆ వదిలేసిన చోట ఆగి తాపీగా వేస్తూ 2024-25లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు), ఆ సీజన్ టైటిల్ రెండూ పట్టుకుపోయాడు. అంటే మిడ్‌రేంజ్, ఆ మధ్య జాగాలోంచి వేసే షాట్, చావలేదు, చేతిలో పనితనం ఉన్నవాడికే మిగిలింది.

గీతని ఇంకాస్త వెనక్కి జరపమని కొందరి గోల. రింగు నుంచి ఆ గీత ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. కోర్టు వెడల్పు 50 అడుగులే కాబట్టి మూలలో గీతకీ బయటి లైనుకీ మధ్య మూడడుగులు ఉంటుంది, పొడుగు కాళ్లవాళ్లు బూటు పెట్టడానికే సరిపోతుంది. ఇంకా జరిపితే మూలనుంచి వేసే కార్నర్ త్రీ ఉండదు, లేదా కోర్టునే వెడల్పు చేయాలి, ముందు వరసలో వేలకి వేలు పోసి కూర్చున్నవాళ్ల కుర్చీలు తీసి. ఏ ఓనరు ఒప్పుకుంటాడు చెప్పండి? ఒకవేళ ఒప్పుకున్నా త్రీలకి పేరుపడ్డ స్టీఫెన్ కర్రీ అక్కణ్ణుంచీ వేస్తాడు, ఇబ్బందల్లా మిగతావాళ్లకే.