హాఫ్ ప్లేట్ కెమెరాకి లెన్స్ బిగించడం: ఇప్పటిదాకా అయిన పని

పెదనాన్నగారి స్టూడియో మూసేశాక అటకెక్కిన టేకు కెమెరా ఇది. హాఫ్ ప్లేట్ సైజు, అంటే ఫొటో పడే ప్లేటు (గాజు పలక) లేదా ఫిల్ము నాలుగుముప్పావు అంగుళాలు బై ఆరున్నర. బెలోస్‌కి (లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య సాగే మడతల తిత్తికి) పడ్డ చిల్లులన్నీ పోయిన నెల మూసేశాను. ఈ నెలంతా లెన్స్ పనే.

దానితో వచ్చింది ఇత్తడి గొట్టంలో ఉన్న రాపిడ్ రెక్టిలీనియర్ లెన్స్. 1866లో పుట్టిన రకం. షట్టర్ ఉండదు. మూత తీసి, పైకే "ఒకటీ, రెండూ" అని లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేవారు పెదనాన్న. దాని మీద 4, 8, 16, 32, 64 అని అంకెలున్నాయి. ఇవి మనం వాడే ఎఫ్ నంబర్లు (లెన్స్ రంధ్రం సైజు చెప్పే అంకెలు) కావు, పాత యూనిఫామ్ సిస్టమ్‌వి. అందులో 4 అంటే ఎఫ్ 8, 8 అంటే ఎఫ్ 11. 16 ఒక్కటే రెండింట్లోనూ సమానం. 32 అంటే ఎఫ్ 22, 64 అంటే ఎఫ్ 32. ఇది తెలియక మూడు నెగటివ్ షీట్లు నల్లగా మాడ్చలేదు కానీ, వెలుగు చాలక తెల్లగా పోగొట్టాను.

ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువు స్పష్టంగా పడాలంటే లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండాల్సిన దూరం) ఎక్కడా రాసిలేదు. మేడ మీద నుంచి గోదావరి ఆర్చి బ్రిడ్జికి ఫోకస్ చేసి, బెడ్ (లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగే పట్టా) మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. తర్వాత ఒక స్కేలు ఎదురుగా పెట్టి, దాని పది సెంటీమీటర్లు గ్రౌండ్ గ్లాస్ (వెనక బొమ్మ పడే గరుకు అద్దం) మీద సరిగ్గా ఐదుగా కనిపించేదాకా జరిపి రెండో గీత. రెండు గీతల మధ్య 10.6 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని రెట్టింపు చేస్తే ఫోకల్ లెంగ్త్, అంటే సుమారు 212 ఎంఎం. ఏ గుర్తూ లేని లెన్స్ చేతికొస్తే ఇంతకన్నా తేలిక దారి లేదు.

ఆ లెన్స్ అద్దాల మధ్య అతుకు పసుపెక్కిపోయింది. పైగా షట్టర్ కావాలనిపించింది. మొదట 9×12 సెంటీమీటర్ల ప్లేట్ కెమెరా నుంచి తీసిన 135 ఎంఎం టెస్సార్ లెన్స్ పెట్టి చూశాను. నాలుగు మూలలూ నలుపే. ఆ కెమెరా ప్లేటు కర్ణం 150 ఎంఎం, మన హాఫ్ ప్లేటుది 204. లెన్స్ వేసే వెలుగు వలయం ఈ కర్ణం కన్నా పెద్దదిగా ఉండాలి. కొనేముందు మొదట చూడాల్సింది ఇదే, ఎఫ్ నంబరు ఆ తర్వాతే.

300 ఎంఎం లెన్స్ మీద మనసు పోయింది కానీ లెక్క వేస్తే ఆగిపోయాను. రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి బెలోస్ 35 సెంటీమీటర్లు సాగాలి. నాది మొత్తం సాగితే 38. అంత చాచినప్పుడు ఆ లెన్స్‌కి ఉండే పెద్ద కోపాల్ 3 షట్టర్ బరువుకి ముందు ఫ్రేము వంగుతుంది. చివరికి ష్నైడర్ సిమ్మర్-ఎస్ 210 ఎంఎం లెన్స్ తీసుకున్నాను. ఎఫ్ 22 దగ్గర దాని వలయం 294 ఎంఎం, అందుకే లెన్స్‌ని పైకీ కిందికీ జరిపినా మూలలు చెడవు. కొనేముందు టార్చి వేసి చూడండి, మా గోదావరి తేమకి ఫంగస్ తొందరగా పడుతుంది.

బిగించడంలోనే నాలుగు రోజులు పట్టింది. ఈ లెన్స్‌కి ఉన్న కోపాల్ 1 షట్టర్ మర 39 ఎంఎం, కానీ బోర్డుకి (లెన్స్ బిగించే చెక్క పలకకి) వేయాల్సిన రంధ్రం 41.6. షట్టర్‌ని వెనక నుంచి బిగించే రింగుకి ఉండే మెట్టు ఆ రంధ్రంలో కూర్చుని షట్టర్‌ని మధ్యలో పట్టి ఉంచుతుంది. నాకు రింగు లేకుండా వచ్చింది. లేత్ మిషన్ దగ్గర ఇత్తడితో చేయిస్తే మొదటిసారి మర 1 ఎంఎం పిచ్‌తో (మర గాట్ల మధ్య దూరంతో) కోశారు, ఒక చుట్టు తిరిగి పట్టేసింది. బలవంతంగా తిప్పితే షట్టర్ మర పోయేదే. 0.75 అని కాగితం మీద రాసిచ్చి రెండోది చేయించాను.

బోర్డు ఐదు ఎంఎం టేకు. అంత మందానికి రింగు అందదు. మా వీధి వడ్రంగి బాబాయి వెనక వైపు రంధ్రం చుట్టూ ఉలితో చెక్కి మూడు ఎంఎంకి తెచ్చాడు. 41 ఎంఎం హోల్‌సాతో (గుండ్రంగా కోసే రంపంతో) కోసి, మిగతాది గరుకు కాగితం చుట్టిన కర్రతో అరగదీశాను. షట్టర్ వెనక చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, దానికీ ఒక గాడి తీయాలి, లేకపోతే షట్టర్ బోర్డుకి సమంగా ఆనదు. చెక్కిన చోట నల్ల రంగు వేశాం. షట్టర్ వెనక ఉండే లెన్స్ భాగం ముందే ఊడదీసి, రింగు బిగించాకే మళ్లీ ఎక్కించాలి.

షట్టర్ శబ్దం ఫోనులో రికార్డు చేసి కొలిస్తే ఒక సెకను 1.4 వస్తోంది. ఎనిమిదో వంతు సరిగానే ఉంది. అసలు సమయాలు చీటీ మీద రాసి బోర్డు వెనక అంటించాను.

ఫిల్ము ఆకుపచ్చ వెలుగుని పట్టే రకం ఎక్స్‌రే ఫిల్మే. 10×12 అంగుళాల షీటుకి మూడు ముక్కలొస్తాయి, ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు. ఫిల్ము స్పీడు (ఐఎస్ఓ) 80గా లెక్కేస్తున్నాను. ఆదివారం పొద్దున నానమ్మని వసారాలో కూర్చోబెట్టి ఎఫ్ 11, ఎనిమిదో వంతు సెకను ఇచ్చాను. బెలోస్ 23.5 సెంటీమీటర్లు సాగి ఫిల్ము మీద వెలుగు తగ్గింది కాబట్టి పావు వంతు ఎక్కువ కలిపాను. ఈ ఫిల్ముకి ఎరుపు కనిపించదు. ప్రింటులో నానమ్మ కుంకుమ బొట్టు కాటుకంత నల్లగా, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చాయి. కుడివైపు అంచున ఒక లేత గీత కూడా ఉంది. బోర్డుకీ ఫ్రేముకీ మధ్య వెలుతురు దూరుతోందని నా అనుమానం. ఈ వారం ఆ అంచుకి నల్ల మఖ్మల్ అతికించి మళ్లీ తీస్తాను.