అచ్చులు విన్నవాడు

శాలిహుండం కొండపై ఇటుక స్తూపాల మధ్య నిలబడి కింద పారే వంశధారను చూసినప్పుడల్లా నాకు, ఒక ప్రాచీన ద్వారం గుండా మనుషులు వేరే గ్రహానికి వెళ్లే స్టార్‌గేట్ కథలోని డేనియల్ జాక్సన్ గుర్తుకు వస్తాడంటే మా శ్రీకాకుళం మిత్రులు నవ్వుతారు. 1994 నాటి సినిమాలో జేమ్స్ స్పేడర్, 1997లో మొదలై పది సీజన్లు నడిచిన ఎస్‌జీ-1 ధారావాహికలో మైఖేల్ షాంక్స్ ధరించిన పాత్ర అది. కళ్లజోడు, ఆగని తుమ్ములు, ఎవరూ నమ్మని సిద్ధాంతం, ఇవే ఆ పురావస్తు పండితుడి ఆస్తి.

కావలి సైనికుడి చేతిలోని పత్రికలో ఓరియన్ నక్షత్ర మండలం బొమ్మ చూసి, గీజా రాతిపై ఉన్న గుర్తులు అక్షరాలు కావని, నక్షత్ర మండలాలని అతడు పసిగట్టే ఘట్టాన్ని అందరూ మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం అబైడోస్ గ్రహం మీది గుహలోనే ఉండిపోయింది. ప్రాచీన ఈజిప్టు లిపి హల్లులనే రాసి అచ్చులను వదిలేసింది కనుక, ఆ రాతను చదివి అర్థం చెప్పగల పండితులకు కూడా ఆనాటి ఉచ్చారణ పూర్తిగా అందదు. కల, కాలు, కీలు, కోల అన్నీ ఒకే రెండు హల్లులుగా మిగిలిపోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, గుడి, కొమ్ము, ఏత్వాలతో పెరిగిన మనకు ఆ చిక్కు కొంత బోధపడుతుంది. చదువును రాజశాసనంతో నిషేధించిన ఊరి యువతి షావురి, గుహ గోడ మీది మాటలను సరిదిద్ది పలుకుతుండగా, జాక్సన్ బడిపిల్లవాడిలా విని మళ్లీ పలుకుతాడు. అచ్చులు దొరికాయి, భాష వచ్చేసింది.

అతడి సిద్ధాంతాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. గీజాలోని మహా పిరమిడ్‌ను ఈజిప్టు రాజు ఖుఫూ కాలంవారు కట్టలేదనడం, పాత కట్టడం కనిపిస్తే చాలు పాండవులు రాత్రికి రాత్రి కట్టేశారని మన పల్లెల్లో చెప్పుకోవడం లాంటిదే. 2013లో ఈజిప్టులోని వాదీ అల్ జర్ఫ్‌లో బయటపడిన పాపిరస్ పత్రాల్లో, ఆ పిరమిడ్ కోసం తూరా నుంచి సున్నపురాయిని పడవలపై చేరవేసిన మేరెర్ అనే అధికారి దినచర్య ఉంది. కట్టింది గ్రహాంతరవాసులే అయితే వారికి అటువంటి లెక్కల పుస్తకంతో పనేముంది?

ఈ శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ గుహ దృశ్యాన్ని తన జీవితంలో నిజంగానే నడిపించారు. (వ్యావహారికం కోసం పోరాడిన ఆయన ఈ టపాలోని బిగువు భాషను చూస్తే విసుక్కునేవారేమో.) శ్రీముఖలింగం శాసనాలను చదవడం సొంతంగా నేర్చుకున్న ఆ మనిషి, లిపిలేని సవర గిరిజనుల భాష తెలియగోరి, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, అతడు పలికింది విని, తాను పలికి, అతడిచేత దిద్దించుకున్నారు. మన్యంలో తిరిగి తెచ్చుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.