‘భీ’ తరువాత మూడక్షరాలు

హాంబర్గ్‌లో నేను జీతం తీసుకునేది పాత శాసనాల్లో పోయిన, రాతిమీద లేని అక్షరాలను కంప్యూటర్‌లో నమోదు చేసినందుకు. పాఠంలో పోయినచోట చదరపు కుండలీకరణాల మధ్య చుక్కలు పెట్టే పద్ధతి గ్రీకు, లాటిన్ పాఠాల కోసం 1931లో లైడెన్‌లో కుదిరింది. శాసనపాఠాలను కంప్యూటర్‌లో గుర్తులతో ఎక్కించే ఇప్పటి ఎపిడాక్ విధానంలో ఆ చుక్కల స్థానంలో ‘గ్యాప్’ అనే గుర్తు పెట్టి, ఎన్ని అక్షరాలు పోయాయో, ఎందుకు పోయాయో కూడా చెప్పాలి. సంపాదకుడు ఊహించి పూరించినది ‘సప్లైడ్’ అవుతుంది.

పూరించడం కొన్నిచోట్ల సులువే. దానశాసనం చివర, ఇచ్చిన భూమిని కాజేసేవాణ్ణి శపించే శ్లోకంలో ‘స్వదత్తాం’, ‘క్రిమిః’ మాత్రమే మిగిలినా, అనుష్టుప్పు ఛందస్సుకు 32 అక్షరాలు కాబట్టి నడుమ పోయినవి 27 అని తేలుతుంది. ఒకటి రెండు పాఠాంతరాలున్నా అవేమిటో చెప్పవచ్చు. దాత పేరుకు ఆ ఆసరా లేదు. కాజేసేవాడి శాపం తిరిగి దొరుకుతుంది గాని ఇచ్చినవాడి పేరు దొరకదు.

ద్రాక్షారామం దగ్గరి మా ఊరి శివాలయంలో ఉన్న రాతిపలక పాఠం నా చేతికి వచ్చినప్పుడు ఇక్కడే తప్పు చేశాను. దాత పేరులో ‘భీ’ మిగిలి ఉంది. భీమేశ్వరుడి నీడలో పెరిగినవాడికి ‘భీ’ తరువాత ‘మ’ తప్ప మరొకటి తోచదు. ‘భీమన’ అని పూరించాను. పై అధికారి దానిని తిప్పి పంపుతూ, ఆధారం రాయా, మీ ఊరా అని అడిగారు. పేరు తీసివేసి, కారణంగా ‘చదవలేం’ అని పెట్టాను. అలా పెడితే అక్షరం ఇంకా రాతిమీదే ఉందని, మరొకరు వెళ్ళి చూస్తే దొరకవచ్చని అర్థం. అది నిజమో కాదో తేల్చుకోవడానికి బావకు ఫోన్ చేశాను.

ఆయన సాయంత్రం చీకటి పడ్డాక వెళ్ళి, సున్నం పూతను తడిగుడ్డతో తుడిచి, టార్చిలైటును పలకకు పక్కవాటంగా పట్టి ఫోటోలు పంపారు. ‘భీ’ అంచునుంచే పందిరి గుంజ ఆనడానికి ఎవరో ఉలితో గాడి కొట్టారు. పక్క అక్షరాలతో కొలిస్తే దాదాపు మూడక్షరాల వెడల్పు. కారణాన్ని ‘నష్టం’గా మార్చాను.

“ఇంతకీ ఏం పేరు రాశావోయ్?” అన్నారు బావ.

“ఏమీ రాయలేదు బావా, మూడక్షరాలు పోయాయని రాశాను.”

“మరి జీతం దేనికోయ్!”