హార్బరులో పెద్దమ్మ వెంట

విశాఖ వెళ్ళినప్పుడల్లా రామకృష్ణా బీచి, కైలాసగిరి చూసి వచ్చేవాణ్ణి. ఈసారి పెద్దమ్మ వెంట తిరగాలనే రత్నాచల్ ఎక్కాను. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి పదిహేనేళ్ళయినా ఆమెకు బడితో పని తీరలేదు.

తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకు తీసుకువెళ్ళింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. అది ముగిసి వారమే అయింది. జెట్టీ మీద వేలంపాట కేకలు, ఐసు పగలగొట్టే చప్పుడు.

"చూశావా నాయనా, బడులు తెరిచేదీ పడవలు కదిలేదీ ఇంచుమించు ఒకే వారం. పిల్లలు రెండు చోట్లకూ కావాలి" అంది. ఇన్నిసార్లు వచ్చినా నాకు ఆ లెక్క తట్టలేదు.

రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ మధ్య ఒక పాప. పదేళ్ళుంటాయి. ఐసు నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. ముల్లు గుచ్చుకున్న చూపుడు వేలికి గుడ్డపీలిక. బడికి వెళ్తున్నావా అని పెద్దమ్మ అడగలేదు. ఆ ప్రశ్నకు ఏ పిల్లయినా తల ఊపుతుందట. పక్కన కూర్చుని, "మీ టీచరు పేరేమిటమ్మా?" అంది. పాప తల్లి వైపు చూసింది.

తల్లిని కసురుతుందేమో అనుకున్నాను. లేదు, ఆమె మాట వింటూ తానూ నాలుగు రొయ్యలు ఒలిచింది. వేరే ఊరి నుంచి వచ్చారు, కాగితాలు లేవు, చదువు మూడో తరగతితో ఆగింది.

"వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదమ్మా. 2010 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. రేపు నేనూ వస్తాను."

తిరిగి వస్తూ శాంతా సిన్హా గారి మాట ఎత్తింది. 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. పెద్దమ్మకు గుర్తున్నవి ఆ పదవులు కావు, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా గారి సంస్థ ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని. "పేదరికం పోతే తప్ప పిల్లలు బడికి రారని నేనూ అనేదాన్ని. ఆ పల్లెల్లో పేదవాళ్ళే పిల్లల్ని పని మాన్పించి పంపారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను."

మర్నాడు నన్ను సాగనంపడానికి స్టేషనుకు రాలేదు. రైలు దువ్వాడ దాటాక ఫోను చేసింది. "ఐదో తరగతిలో పేరు రాయించాం. వస్తుందో లేదో సోమవారం మళ్ళీ వెళ్ళి చూడాలి." ఇంకేదో అడగబోయాను. పాపకు చెప్పులు కొనాలని ఫోను పెట్టేసింది.