సొరకాయ చక్రాలు, ట్రింకోమలీ ఓడ

స్కూలు సావనీర్‌కి ఏదో ఒకటి రాయరా అని మన బ్యాచ్ గ్రూపులో ఒకటే పోరు. నాకు ర్యాంకులు లేవు, ఆటల్లో కప్పులు లేవు, అందుకని స్కూల్లో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ చేతికి పనికొస్తున్న ఒక్కదాని గురించి రాస్తా. డ్రాయింగ్ మాస్టారు నేర్పిన ఓడ ప్లాన్ చదవడం.

మనది విశాఖ షిప్‌యార్డ్ పక్క స్కూలు కదా, క్లాసులో సగం మంది నాన్నలకి అందులోనే డ్యూటీ. 1948లో నెహ్రూ గారు అక్కడ కట్టిన జల ఉష అనే ఓడని నీళ్ళలోకి దింపిన కథ ప్రతి ఆగస్టు పదిహేనుకీ ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి చెప్పేవారు, మన ధ్యాసంతా చాక్లెట్ల డబ్బా మీద. ఓడని కాగితం మీద ఎలా పెడతారో చూపించింది మాత్రం మాస్టారే. ఏదో పాత కార్గో షిప్ ప్లాన్ జిరాక్స్ తెచ్చి రెండు బల్లలు కలిపి పరిచి మూలలకి డస్టర్లు పెట్టేవారు. ఒకే ఓడకి మూడు బొమ్మలు, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి (అదీ సగమే, రెండు వైపులా ఒకటే కాబట్టి), ఎదురుగా ఒకటి. ఆ మూడోది చూస్తే అందరికీ బుర్ర తిరిగేది, కుడివైపు గీతలు ఓడ ముందు భాగానివి, ఎడమవైపువి వెనక భాగానివి, రెండూ ఒకే బొమ్మలో. "సొరకాయని నిలువునా కోస్తే ఒక రూపం, పడుకోబెట్టి కోస్తే ఒకటి, చక్రాల్లా తరిగితే ఇంకోటి, కాయ మాత్రం ఒకటే కదరా" అనేవారు. తర్వాత చేతికి డివైడర్ ఇచ్చేవారు. పై బొమ్మలో ఒక ఫ్రేము (ఓడకి పక్కటెముక లాంటిది) దగ్గర వెడల్పు కొలిచి, డివైడర్ కదపకుండా తెచ్చి ఎదురు బొమ్మలో అదే ఎత్తు గీత మీద పెడితే మొన సరిగ్గా అక్కడే పడాలి. పడకపోతే "ఏట్రా, గీత తప్పా నీ చెయ్యి తప్పా?"

ఉద్యోగం పేరుతో ఇంగ్లండ్ వచ్చి పడ్డాక హార్టిల్‌పూల్‌లో హెచ్ఎంఎస్ ట్రింకోమలీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌకని చూశా. పేరు లంకది, పుట్టింది మన బొంబాయిలో, 1817లో, జంషెడ్జీ బొమన్జీ వాడియా అనే పార్సీ మేస్త్రీ చేతిమీద, కలపంతా మలబారు టేకు. ఓక్ చెక్కకి కరువొచ్చి ఇంగ్లండ్ వాళ్ళు బొంబాయికి ఆర్డర్లిచ్చిన రోజులవి. ఇప్పటికీ నీళ్ళమీద తేలుతూనే ఉంది, ముందు తలపాగా మనిషి బొమ్మతో. నాకు బాగా నచ్చిన ముక్క ఏంటంటే, దీని ప్లాన్లు మొదట పంపింది జావా అనే ఓడలో, ఆ ఓడని 1812 డిసెంబర్లో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక ఓడించింది, ప్లాన్లూ దాంతోనే పోయాయి, మళ్ళీ ఇంకో సెట్ వచ్చేదాకా పని ఆగింది. ప్లాన్ రాకపోతే అంత మేస్త్రీ కూడా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే!

ఇంక దాని మోడల్ చెయ్యకుండా ఉంటానా. అసలు ఓడ గన్ డెక్ (ఫిరంగులుండే అంతస్తు) పొడవు 150 అడుగుల చిల్లర, అంగుళంలో ఎనిమిదో వంతుని ఒక అడుగు అనుకుంటే మోడల్లో పంతొమ్మిది అంగుళాలకి కొంచెం తక్కువ, టీవీ కింద పడుతుంది, మా ఆవిడ కూడా ఒప్పుకుంది. పాత ప్లాన్లతో ఒక తిరకాసు ఉంది, కాగితం ఏళ్ళ తరబడి ముడుచుకుంటుంది, అదీ పొడవులో ఒకలా, అడ్డంలో ఒకలా. అందుకే మన స్కేలు పెట్టి కొలవకూడదు, షీటు మీదే గీసి ఉన్న స్కేలుతో కొలుచుకోవాలి. ఇంకోటి, ఆ గీతలు ఫ్రేముల బయటి అంచువి, పైన కొట్టే పలకల మందం వాటిలో ఉండదు, అది తెలీకుండా దిమ్మ చెక్కేస్తే ఓడ ఆమేరకి బక్కదైపోతుంది.

అసలు సరదా పలకలు వెయ్యడంలోనే. నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ, పలకలేమో రెండు చోట్లా దాదాపు అన్నే పట్టాలి. సన్నటి కాగితం పట్టీని ఫ్రేము చుట్టూ చుట్టి, పైనా కిందా గుర్తు పెట్టి, తీసి సమానంగా భాగాలు చేస్తే ఆ ఫ్రేము దగ్గర ఒక్కో పలక వెడల్పు ఎంతో తేలిపోతుంది. దాన్నిబట్టి బ్లేడుతో చివర్లు సన్నం చేసి, వేడినీళ్ళలో నానబెట్టి, సోల్డరింగ్ ఐరన్ గొట్టం మీద మెల్లగా వంచి, అప్పుడు జిగురు. రెడీమేడ్ కిట్లు కొని ఇదేం పెద్ద పని అనేవాళ్ళున్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదుగానీ అందులో సగం మజా కంపెనీవాడే తినేశాడు.

హల్ (ఓడ ఒళ్ళు) అయింది, ఇప్పుడు తాళ్ళు కడుతున్నా. నావికులు ఎక్కే నిచ్చెన తాళ్ళు ఈ స్కేలులో ఒకదానికొకటి మూడున్నర మిల్లీమీటర్ల ఎడం, ప్రతి ముడీ పట్టకారుతోనే, చత్వారం అద్దాలు లేకుండా అయ్యే పని కాదు. మన బ్యాచ్‌లో ఎవరికైనా దిగాలనుంటే గ్రీనిచ్ మారిటైమ్ మ్యూజియం వాళ్ళు పాత నేవీ ప్లాన్ల కాపీలు అమ్ముతారు, చూడండి. కొనేముందు స్కేలు గీత కూడా ప్రింటులో పడుతుందో లేదో కనుక్కోండి, మిగతా డౌట్లుంటే నాకు ఫోన్ కొట్టండి, ఆదివారాలు ఖాళీయే.